బర్రె కొమ్మని పైకి అనాలి

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా కొట్టు ముందు ఆటో దిగిన పెద్దమనిషిని నేను మొదట గుర్తుపట్టలేదు. తెల్ల చొక్కా, నెరిసిన మీసం, చంకలో పేపరు చుట్టిన పొట్లం. దాన్ని బల్ల మీద పెట్టి, సాన పట్టాలని మరాఠీలో అన్నాడు. విప్పి చూస్తే కూరగాయలు కోసే కత్తి. ఇనుము అరిగి అరిగి వేలెడు వెడల్పు మిగిలింది. పిడి మాత్రం నిన్న చేసినట్టుంది. ఎర్రటి గోధుమ రంగు, పొడవునా ఎగుడుదిగుడు గీట్లు, బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం. ఆ పల్లంలో నా వేలు పెట్టి చూశాను. ఇమడలేదు. అప్పుడు ఆ మనిషి చేతుల వైపు చూశాను, తర్వాత మొహం వైపు. ఆయనే. ఫారెస్టు సారు.

ఆయన అరుగు వైపు చూస్తూ, "కాకా ఎక్కడ?" అన్నాడు.

పోయి రెండేళ్లయిందని చెప్పాను. సారు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సాన పట్టే మనిషి అన్నానికి వెళ్లాడు, వచ్చేసరికి అరగంట పడుతుంది అన్నాను. పడనీ అన్నాడు. ఆ అరగంటలో ఇద్దరం చూసింది ఖాళీ అరుగునే.

కాకాకు పేరుంది. ఆధార్ కార్డు మీద నేను చూశాను కూడా. ఇక్కడ రాయను. ఎందుకంటే పేరు అడిగినవాళ్లకు ఆయన పేరు చెప్పేవాడు కాదు, పిడి చూపించేవాడు. మాది పాత నాందేడ్ బజారులో కత్తులు, కత్తెరలు, తాళాలు అమ్మే కొట్టు. మా మామగారి కాలం నుంచి కాకా మా అరుగు మీద కూర్చుని కత్తులకు పిడులు వేసేవాడు. కొట్టు మాది, అరుగు ఆయనది. కోడలిగా వచ్చి నేను కొట్టులో కూర్చున్న మొదటి రోజే ఆ సంగతి తేల్చేశాడు.

"చీపురు గిక్కడిదాక ఊడ్వు బిడ్డా. గిక్కడికెల్లి నేను ఊడ్సుకుంట."

రోజూ పొద్దున తెలంగాణ సరిహద్దు దగ్గరి కర్ఖేలి నుంచి రైల్లో వచ్చేవాడు. గోనెసంచి నిండా బర్రె కొమ్ములు. ఆ వాసనకు పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. దానికి నొచ్చుకునేవాడనుకుంటే పొరపాటే. "డబ్బ నిండ జనం నిలబడ్డా నాకు సీటు దొరుకుతది. మంత్రికి గూడ గంత జాగ ఇయ్యరు" అని మురిసిపోయేవాడు.

బూడిద రంగు కొమ్ములే ఏరి తెచ్చేవాడు. కొసన నిండుగా, గట్టిగా ఉండే జానెడు ముక్క పిడికి. మిగతాది బోలు, అది దువ్వెనలు చేసేవాళ్లకు. మూడంచుల ఆకురాయితో గీట్లు పెట్టి, సున్నం, కాచు కలిపి రాసి ఎండలో పెడితే కొమ్ముకు ఆ ఎర్రటి రంగు తిరిగేది. కాల్చిన చువ్వతో మధ్యలో బెజ్జం వేసి, అందులో లక్క, ఇటుక పొడి నింపి, కత్తి వెనక సన్నటి తోకను వేడిగా దింపేవాడు. చల్లారాక పిడిని తన ముందు పంటికి టక్కున కొట్టి వినేవాడు. లోపల ఎక్కడైనా గాలి మిగిలితే పంటికి తెలిసిపోతుందట. చెవి దగ్గర పెట్టి వినొచ్చు కదా అని ఒకసారి అన్నాను.

"చెవులకు బజారు లొల్లి అడ్డం అస్తది. పంటికి రాదు" అన్నాడు. అలా కొట్టి కొట్టి ఆ పన్ను సగం అరిగింది. ఆయన నవ్వితే ముందు ఆ సగం పన్నే కనబడేది.

కత్తి కొనడానికి వచ్చినవాళ్ల చేతిలో ముందు గోదావరి మట్టి ముద్ద పెట్టేవాడు. పిడి పట్టినట్టు పట్టి పిసకమనేవాడు. దాని ఆనవాలు చూసి పిడి చెక్కేవాడు. పెళ్లిళ్లలో వంట చేసేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, అరటి గెలలు కోసేవాళ్లు, కొత్త కాపురం పెట్టిన ఆడపిల్లలు, అందరూ పిసకాల్సిందే. ఆ ముద్దలు అరుగు వెనక చెక్క మీద వరసగా ఎండుతుండేవి. సగం ఊరి పిడికిళ్లు మా గోడ మీద ఉండేవంటే అబద్ధం కాదు. ముద్దను చూసి మనిషిని చెప్పేవాడు. నాది చూసి, "నీది కోపం చెయ్యి బిడ్డా. బొటనేలు ఎక్కువ నొక్కుతున్నవ్" అన్నాడు. అవతల పారేయ్ అన్నాను కోపంగా. కాకా పగలబడి నవ్వాడు.

ఇంతవరకు బాగానే ఉంది. నాకు ఒళ్లు మండే అలవాటు ఒకటి ఆయనకుండేది. కత్తి తయారయ్యాక కొన్నవాళ్ల చేతికి వెంటనే ఇచ్చేవాడు కాదు.

"పిడి దేనిది?" అని అడిగేవాడు.

వాళ్లు తెల్లమొహం వేసేవారు. ఆ గీట్లు, ఆ రంగు చూస్తే ఎవరికైనా జింక కొమ్మే అనిపిస్తుంది. కొందరు అలాగే అనేవారు కూడా.

"కాదు. బర్రె కొమ్ము. అను."

వాళ్లు నవ్వేవారు. కాకా నవ్వేవాడు కాదు. మరాఠీలో అన్నా, హిందీలో అన్నా ఒప్పుకునేవాడు. కానీ పైకి అనాలి, నలుగురికి వినబడేట్టు అనాలి. అంటేనే కత్తి చేతికి. బర్రె అనడానికి చిన్నతనంగా ఉండి, కత్తి వదిలేసి పోయినవాళ్లను నేను కళ్లారా చూశాను. బేరం పాడు చేయడమెందుకు కాకా అని పోట్లాడేదాన్ని. ఒకసారి మాత్రం కారణం చెప్పాడు.

"మా బాపు జింక కొమ్ము పిడులు చేసేటోడు. అడవిల రాలిన కొమ్ములు ఏరుకచ్చేది. ఒక్క జింకను కొట్టలే. తర్వాత కానూన్ అచ్చింది, రాలింది గూడ ముట్టద్దని. ఉన్న కొమ్ములన్ని నెత్తి మీద ఎత్తుకపోయి ఫారెస్టు ఆఫీసుల ఇచ్చి, మల్ల దినాం కూలికి పోయిండు. జింక కొమ్ము మా బాపు పని. బర్రె కొమ్ము నా పని. నా పనికి నా పేరు ఉండద్దా?"

విన్నాను. అర్థమైందనే అనుకున్నాను. కాలేదని తర్వాత తెలిసింది.

కాకా చెల్లెలి మనవడి పెళ్లికి కుండల్‌వాడి వెళ్లి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులు కొట్టంతా నాదే అనిపించింది. నిజం చెప్పాలంటే హాయిగా ఉండింది. రెండో రోజు పుణె నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. పిడి తిప్పి తిప్పి చూసి, నిజంగా జింకదేనా అని అడిగాడు. ఆ కళ్లలో మెరుపు చూసి నా నాలుక ఆగలేదు.

"అవును, దుప్పి కొమ్ము. మా మామగారి నాటి సరుకు" అన్నాను.

ఒక్క పైసా ఎక్కువ తీసుకోలేదు. ఊరికే గొప్ప. ఆ కుర్రవాడు నా గొంతుతో సహా ఫోనులో వీడియో తీసుకుని పోయాడు.

ఎనిమిదో రోజు కొట్టు ముందు అటవీ శాఖ జీపు ఆగింది. అప్పటికి కాకా తిరిగి వచ్చాడు. అరుగు మీద కూర్చుని ఒక పిడిని పంటికి కొట్టి వింటున్నాడు. జీపులోంచి ఇద్దరు గార్డులు, వాళ్ల వెనక సారు దిగారు. అప్పుడు మీసం నల్లగా ఉండేది. సారు ఫోను తీసి, పుణె కుర్రవాడు నెట్‌లో ఎక్కించిన వీడియో పెట్టాడు. నా గొంతు బజారంతా వినబడింది. దుప్పి కొమ్ము, మా మామగారి నాటి సరుకు.

 కేసు రాస్తే జైలేనని నాకు తెలుసు. ఫోనులో గొంతు నాది, కానీ పిడులు చేసిన చేతులు కాకావి. తీసుకుపోతే ముందు ఆయన్నే తీసుకుపోతారు. దుకాణానికి సీలు వేస్తారు, ఆ అరుగు ఇంక ఆయనది కాదు.

"అబద్ధం చెప్పిన సార్. అది బర్రెది. నాదే తప్పు" అని ఏడుపు గొంతుతో అన్నాను. మరాఠీలో అన్నాను, హిందీలో అన్నాను. సారు నమ్మలేదు. పట్టుబడ్డవాళ్లందరూ అదే అంటారు కదా.

కాకా నా వైపు తిరిగాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"నా పనిని నా బాపు పని అని చెప్పినవా బిడ్డా?"

అంతే. 

సారు అరుగు మీది పిడులన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఇవి బర్రెవే అయుండొచ్చు అని పక్కకు పెట్టాడు. తర్వాత చెక్క మీద బట్టలో చుట్టి ఉన్న కత్తిని తీశాడు.  ఆ వారంలో జిల్లా హస్తకళల ప్రదర్శన ఉంది. దానికోసం కాకా వానాకాలమంతా కూర్చుని చేసిన పిడి అది. మొదలు దగ్గర దుప్పి కొమ్ముకు ఉన్నట్టే చుట్టూ బుడిపెలు, వాటినుంచి కొసదాకా పారిన గీట్లు. తండ్రి చేతిని తలచుకుంటూ చేశానని నాతో అన్నాడు.

సారు దాన్ని వెలుగులో పట్టి చూశాడు. "కిన్వట్ అడవుల్లో నౌకరీ చేసినవాణ్ని. ఇది జింక కొమ్ము కాదని నాకు చెబుతావా? ఇది దుప్పిదే" అన్నాడు మరాఠీలో.

ఆ మాట విని కాకా మొహంలో భయం వస్తుందనుకున్నాను. సగం పన్ను కనబడింది. నవ్వాడు! అడవి తెలిసిన మనిషి తన పనిని చూసి మోసపోయాడని ఆ జైలు వాకిట్లో కూడా ఆయనకు సంతోషం.

"సార్, ఇటు ఇయ్యుండ్రి. ఇప్పుడే తేలుస్త" అని కత్తి అందుకుని రోడ్డు దాటాడు. ఎదురుగా గంగూబాయి మిర్చి బజ్జీల బండి. బాండిలో నూనె సలసల కాగుతోంది. కాకా ముందు స్టవ్ మంట మీద కత్తి మెడను పట్టాడు. లక్క కరిగి కారింది. పిడిని లాగితే చేతిలోకి ఊడివచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది ఆయన ఏం చేయబోతున్నాడో.

"అది అద్దు కాకా! ఇంకోటి తీస్కో, అది అద్దు!" అని అరిచాను.

"సార్‌కు అనుమానం దీని మీదనే కద బిడ్డా" అన్నాడు. పట్టకారుతో పిడిని పట్టి నూనెలో వదిలాడు.

"నా నూనె! కాకా, నా నూనె ఖరాబైతది!" అని గంగూబాయి చిల్లుల గరిట ఎత్తింది.

"బాయీ, ఇయ్యాల నీ బాండిలనే నా ఇజ్జత్ ఉన్నది. జర ఆగు."

గరిట దిగింది. చూస్తుండగానే జనం మూగారు. నూనె నురగ కక్కింది. మాడిన వెంట్రుకల కంపు బజారంతా లేచింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. సారు ఒక్కడే మూసుకోలేదు. ఆయనకు ఆ వాసనతోనే సగం తెలిసిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

"సార్, జింక కొమ్ము అంటె ఎముక" అన్నాడు కాకా, మధ్యమధ్య మరాఠీ కలుపుతూ. "నూనెల ఏసినా ఎముక మాడుతది గని మెత్తవడది. బర్రె కొమ్ము గోరుసొంటిది. కాగితే మెత్తగైతది. పది నిమిషాలు చూడుండ్రి. మెత్తగాకుంటె నేనే ఒచ్చి మీ జీపుల కూసుంట."

ఆ పది నిమిషాలు నేను దేవుళ్లందరికీ మొక్కాను. కాకా మాత్రం పిడిని అటూ ఇటూ తిప్పుతూ బజ్జీ కాలిందో లేదో చూసినంత తీరిగ్గా చూశాడు. చివరికి బయటికి తీసి, రెండు పట్టకార్లతో రెండు కొసలూ పట్టుకున్నాడు. సారు మొహం ముందు పెట్టి, తడి బట్ట పిండినట్టు మెలిపెట్టాడు.

మెలి తిరిగింది. బుడిపెలు, గీట్లు, వానాకాలమంతా పెట్టిన పని, అన్నీ చుట్టుకుపోయాయి. కాకా దాన్ని బకెట్టు నీళ్లలో ముంచాడు. చుయ్యిమంది. తీసి చూస్తే ఆ మెలి అలాగే గట్టిపడి ఉంది.

జనం ఈలలు వేశారు. నేను ఏడ్చాను. సంతోషానికీ ఏడ్చాను, ఆ పిడి పోయినందుకూ ఏడ్చాను, నా నోటి దురద ఎంత పని చేసిందో చూసి సిగ్గుతోనూ ఏడ్చాను. కాకా మొహం వెలిగిపోతోంది. అంత గర్వంగా ఒక మనిషి నిలబడగా నేను మళ్లీ చూడలేదు.

సారు మెలితిరిగిన పిడిని అందుకుని చాలాసేపు చూశాడు. కాగితం తీసి పంచనామా రాశాడు. గేదె కొమ్మని మరాఠీలో రాయడం పక్కనుంచి నేను చూశాను. కాకా చదవలేడు, అయినా కాగితం వైపు వంగి చూశాడు.

"రాసింది మంచిగైంది సార్. గిప్పుడు జర పైకి అనుండ్రి, బర్రె కొమ్మని. గింతమంది జింకదని విన్నరు."

సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. నాకు ఒక హెచ్చరిక ఇచ్చాడు, ఇవ్వాల్సిందే. జీపెక్కి వెళ్లిపోయాడు. అనలేదు.

నన్ను మాత్రం కాకా వదల్లేదు. మరుసటి రోజు పొద్దున, బజారు నిండుగా ఉన్నప్పుడు, కొట్టు మెట్ల మీద నిలబెట్టాడు. అను అన్నాడు. అన్నాను. వినబడలే అన్నాడు. మళ్లీ అన్నాను. ఎదుటి బండి దగ్గర గంగూబాయి తలెత్తి, "వినబడ్డది, వినబడ్డది, ఇగ ఇడువు పాపం" అనేదాకా అనిపించాడు. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య మళ్లీ రాలేదు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

ప్రదర్శనకు ఏం తీసుకుపోయాడనుకున్నారు? ఆ మెలితిరిగిన పిడినే. ఇంకేదైనా మంచిది పెట్టు కాకా, నవ్వుతారు అన్నాను. "నవ్వని. దగ్గరికైతె అస్తరు కద" అన్నాడు. దగ్గరికొచ్చిన ప్రతివాడికీ నూనె కథ చెప్పాడు. చెప్పి చెప్పి రెండో రోజుకు గొంతు పోయింది. మూడో రోజు వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెట్టారు. కాకా మైకు దగ్గరికి పోయి, పోయిన గొంతుతో రెండే మాటలు అన్నాడు. ఏ రెండో మీకు తెలుసు. కర్ఖేలికి ఆ రోజు రైల్లో శాలువాతోనే పోయాడు. ఆ రోజు కూడా పక్కన ఎవరూ కూర్చోలేదని, కొమ్ముల కంపులో కొత్త శాలువా వాసన ఎవరికీ తెలియలేదేమోనని మరునాడు వచ్చి చెప్పాడు.

నెల తర్వాత ఒక సాయంత్రం సారు యూనిఫాం లేకుండా వచ్చాడు. అరుగు ముందు నిలబడి చెయ్యి చాపాడు. కాకా మట్టి ముద్ద పెట్టాడు. సారు పిసికి ఇచ్చేసి వెళ్లాడు. కాకా ఆ ముద్దను తిప్పి చూసి, "గట్టిగ పట్టి, మల్ల జర ఇడుస్తడు. మాట గూడ గట్లనే, పెదవుల దాక అచ్చి ఆగుతది" అన్నాడు. ఆ పిడి మీద రెండు వారాలు కూర్చున్నాడు. ఈలోపు సారుకు బదిలీ అయింది. కత్తి తీసుకుపోవడానికి ఒక గార్డు వచ్చాడు. కాకా అతని చేత బర్రె కొమ్మని మూడుసార్లు అనిపించి గానీ ఇవ్వలేదు.

ఇచ్చాడే గానీ తృప్తి లేదు. "తీస్కపోను అచ్చినోడు అన్నడు. సార్ అనలే" అన్నాడు.

అప్పటి నుంచి అదొక పాట. రోడ్డు మీద ఏ సర్కారు జీపు పోయినా తలెత్తి చూసేవాడు. "సార్ ఇంక అనలే బిడ్డా" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు, కానీ ఉత్త నవ్వు కాదు. ఆ బజారులో జింక అన్న మాట అందరి ముందు పైకి అన్నది ఇద్దరం, నేనూ ఆయనా. నేను నా మాట వెనక్కి తీసుకున్నాను. ఆయన తీసుకోలేదు. కాకా లెక్కలో ఆ కేసు ఇంకా మూతపడలేదు. జ్వరంతో మంచాన పడ్డప్పుడు కర్ఖేలికి చూడబోయాను. కుశలం అడిగేలోపే, "సార్ గిటు అచ్చిండా?" అన్నాడు. రాలేదన్నాను. "అస్తడు. కత్తికి సాన పట్టద్దా మరి" అన్నాడు. ఆ నమ్మకంతోనే పోయాడు.

సాన పట్టే మనిషి అన్నం తిని వచ్చాడు. కత్తికి సాన పట్టి, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. సారు అందుకున్నాడు. బొటనవేలు ఆ పల్లంలో వెళ్లి కూర్చుంది. అదే సమయానికి తాళం కొనడానికి వచ్చిన ఒక యువకుడు కత్తి వైపు వంగి చూశాడు.

"భలే ఉంది సాహెబ్! జింక కొమ్మా?" అన్నాడు మరాఠీలో.

నేను నోరు తెరిచాను. ఈ రెండేళ్లుగా ఆ ప్రశ్నకు జవాబు నేనే చెబుతున్నాను, అరిచినట్టే చెబుతున్నాను. సారు చెయ్యెత్తి నన్ను ఆపాడు. స్టూలు మీంచి లేచాడు. యువకుడి వైపు కాదు, అరుగు వైపు తిరిగాడు. అక్కడ మేకుకు ఆ మెలితిరిగిన పిడి వేలాడుతోంది. దాని కింద నేను ఇప్పటికీ ఊడవని చోటు.

"బర్రె కొమ్ము!" అన్నాడు సారు. తెలుగులో అన్నాడు. మరాఠీ యాసతో, ఒత్తులు తప్పుగా, గొంతెత్తి అన్నాడు. ఎదుటి బండి దగ్గర గంగూబాయి బజ్జీలు వేయడం ఆపి చూసింది. సారు ఇంకోసారి, ఇంకా గట్టిగా అన్నాడు. మొత్తం బజారుకు వినబడింది.

నేను మేకుకున్న పిడిని అందుకుని గుండెకు ఆనించుకున్నాను. కళ్లు నిండిపోయాయి, నవ్వు ఆగలేదు.

"అన్నడు కాకా. సార్ అన్నడు."